శనగలు వాసన చూసే ఆయన

ఆయన పోయిన సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది.

ప్రొద్దుటూరులో నేను ముప్పై ఏళ్లుగా బ్యాళ్లు, శనగలు కొనే అంగడి ఒకటుంది. ఆ సోమవారం కిలో శనగలు తూస్తూ అంగడాయన ఒక పిడికెడు నా ముందు పోసి, "ఇప్పుడే సూసుకోండి టీచరమ్మా, మళ్లా పురుగుండాదని వెనక్కి తేవద్దు. వాసన సూసి చెప్పేదానికి మీ జమ్మలమడుగు సాయబు గూడ లేడిప్పుడు" అన్నాడు.

"లేడంటే?"

"పోయినాడు గదమ్మా. మీకు తెల్దా? మొన్న బేస్తవారం కాదు, ఆ ముందు బేస్తవారం."

ఆ గురువారం నుంచి వేళ్లు మడిచి చూసుకున్నాను. పదకొండు. శనగలు తీసుకోకుండానే ఇంటికి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. కలిసి పనిచేసిన మూడేళ్ల నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆయనను పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు రాస్తే ఎవరి గురించో రాసినట్టు ఉంటుంది.

నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయన పిడికిలి. గోతంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు గింజలు తీసేవాడు. పిడికిలి బిగించి, బొటనవేలి సందులోంచి నోటితో వేడి ఊపిరి ఊదేవాడు. ఎడమ కన్ను మూసేవాడు. తర్వాత పిడికిలి ముక్కు కిందికి తెచ్చి ఒక్కసారి తెరిచేవాడు. ఒక్కసారే. రెండోసారి చూడమంటే చూసేవాడు కాదు. "రెండో తూరి ముక్కు మనం కోరిందే చెప్తాదమ్మా" అనేవాడు. ఆయన తీర్పు రెండే మాటలు. గింజలో పురుగుంటే "చెప్తాంది." లేకపోతే "చెప్పలేదు."

పురుగు బయటికి కనపడితే ఎవరైనా చెబుతారు. శనగకు పట్టే పెంకు పురుగు గింజ మీద తెల్లని చుక్క లాంటి గుడ్డు పెడుతుంది. పిల్ల గింజ లోపలికే తొలుచుకుపోయి, లోపలే తిని, లోపలే పెరిగి, నెల తిరిగేసరికి గుండ్రటి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. అంతవరకు గింజ పైకి బాగానే ఉంటుంది. ఆ నెల రోజుల్లో వాసనతో కనిపెట్టడం ఆయన విద్య. ప్రొద్దుటూరు గింజల మార్కెట్‌లో పాతికేళ్లు అదే పని చేశాడు. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ ఆయన పిడికిలి తెరిచేదాకా మాట్లాడకుండా నిలబడేవాళ్లని అంగడాయనే చెప్పాడు.

ఆ ముక్కు కోసం ఆయన వదులుకున్నవి చాలా ఉన్నాయి. బీడీ లేదు, వక్కాకు లేదు, మధ్యాహ్నం దాకా ఉల్లిగడ్డ లేదు. అత్తరు అంటే ప్రాణం, కానీ పనిరోజుల్లో పూసుకునేవాడు కాదు. గురువారం సాయంత్రం మేం పనిచేసిన పులివెందుల నుంచి సొంతూరు జమ్మలమడుగు పోయి, శుక్రవారం నమాజుకు మాత్రం చెవి వెనక రెండు చుక్కలు. శనివారం తిరిగి వచ్చేటప్పటికి తలస్నానం చేసి, ఉతికిన చొక్కాతో, ఏ వాసనా లేకుండా వచ్చేవాడు.

మమ్మల్ని కలిపింది నా పాత విద్యార్థిని. పదో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న అమ్మాయి జన్యుశాస్త్రం చదివి, పులివెందులలో రెండు గదులు తీసుకుని పరిశోధన మొదలుపెట్టింది. పురుగుల వంశవృక్షాల పుస్తకం తప్పుల్లేకుండా రాయడానికి మనిషి కావాలని అడిగింది. నేను రిటైరై ఖాళీగా ఉన్నాను. సోమవారం, గురువారం బస్సులో పోయి వచ్చేదాన్ని. శనగలు చూసే మనిషి కావాలంటే అంగడాయన ఈయన పేరు చెప్పాడు.

ఆ అమ్మాయి మాకు మొదటిరోజే పని వివరించింది. పెంకు పురుగుకు ముక్కు ఉండదు. తల మీది రెండు మీసాలే దానికి ముక్కు. మీసాల్లో ఒక్కో రకం వాసనకు ఒక్కో తాళం ఉంటుంది. అయితే ఏ తాళమూ ఒంటరిగా తెరుచుకోదు. అన్నిటికీ తోడు నిలిచేది ఒకటే ఉంది, దాన్ని తయారుచేసే జన్యువూ ఒకటే. ఆ ఒక్క జన్యువు చెడగొడితే పురుగుకు దాదాపు వాసనలన్నీ పోతాయి. శనగ ఎక్కడుందో తెలియదు. జత ఎక్కడుందో తెలియదు. ఏ వాసన పురుగును గోతం దగ్గరికి నడిపిస్తుందో తేలితే, మందు కొట్టకుండానే దాన్ని దారి తప్పించవచ్చు. జమ్మలమడుగు నల్లరేగళ్లలో పండిన శనగ ధర వచ్చేదాకా ఇంట్లో నిలవ ఉంటుంది.

ఆయన అంతా విని, "పాపా, కండ్లు పెరికితే పాపమంటాం. ముక్కు పెరికితే కాదా?" అన్నాడు.

"పురుగే కదా మామా."

"పురుగే. కాదన్యానా? అడిగినా, అంతే."

మామూలు పురుగులను ఒక పెద్ద డబ్బాలో శనగలతో వదిలేస్తే చాలు, వాటి సంసారం అవి చేసుకుంటాయి. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడిన జన్యువే వచ్చిన పురుగులు అలా కాదు. ఒకే డబ్బాలో జానెడు దూరంలో ఆడదీ మగదీ తిరుగుతూ, ఒకదాన్నొకటి ఎరగకుండానే పది రోజుల్లో చచ్చిపోయేవి. వాటిని ఒక మగ, ఒక ఆడ చొప్పున చిన్న ఇంజెక్షన్ సీసాల్లో నాలుగైదు శనగ్గింజలతో కలిపి పెట్టాలి. ఒంటికి ఒళ్లు తగిలితేనే వాటికి తెలుస్తుంది. ఆ పని ఆయన చేతికి వచ్చింది. కందిగింజంత కూడా లేని పురుగును తడిపిన పక్షి ఈకతో ఎత్తేవాడు. ఆడదా మగదా అన్నది నేను భూతద్దం పెట్టి చూసేలోగా ఆయన చూపుతోనే చెప్పేవాడు. మొదటి ఏడాది నూట ఇరవై పరీక్షించాను. ఒక్కటీ తప్పలేదు.

ప్రతి నెలా కొత్త తరం. ప్రతి తరానికి నలభై జతలు. సీసా మూతి కట్టే ముందు ఆయన లోపలికి చూసి ఏదో గొణిగేవాడు.

"ఏంది మామా, మంత్రమా?" అని ఆ అమ్మాయి నవ్వేది.

"నిఖా చదవల్ల గదా. కట్నం ల్యా, మేళం ల్యా, బిర్యానీ ల్యా. శనగ్గింజ మింద కాపురం. టీచరమ్మా, రాసుకోండి, పదహారో సీసా."

"పదిహేడు. పదహారు ఇందాకే కట్టావు."

"సూడు పాపా, ఈమె దగ్గర దేవుడు గూడ లెక్క తప్పలేడు."

ఆ పురుగులకు శనగలు కూడా ఆయనే తెచ్చేవాడు. జమ్మలమడుగు దగ్గర ఒక రైతు ఇంటి నుంచి, మందు తగలనివి, నూనె తగలనివి. మా ఇళ్లలో పురుగు పట్టకుండా శనగలకు ఆముదం పట్టించడం మామూలే. ఆముదం తగిలిన గింజ మీద గుడ్డు నిలవదు, నిలిచినా పగలదు. ఒకసారి ఆయన గోతం తెరిచి గుప్పెడు తీసి, "వెనక్కి పంపల్ల. ఆముదం చెయ్యి తగిలింది" అన్నాడు. ఆ ఇంటావిడ ఫోన్‌లో ఒట్లు పెట్టుకుంది. చివరికి గుర్తొచ్చింది, ఆ ఉదయం కూతురికి ఆముదం రాసి తల దువ్వి, ఆ చేత్తోనే గోతం మూతి కట్టిందట. అమ్మాయి అప్పుడు సరదాకి పది సాసర్లు పెట్టింది. ఐదింట్లో ఉత్త శనగలు, ఐదింట్లో ఆముదం తుడిచినవి. కళ్లు మూసుకుని పదికి పది చెప్పాడు. ఆ ఫలితం నా పుస్తకంలో ఉంది.

తర్వాత కరోనా వచ్చింది. మూడు నెలలు రాకపోకలు సరిగా లేవు. తల్లిదండ్రుల్లో ఒక వైపు నుంచి మాత్రమే జన్యువు చెడిన పురుగుల డబ్బా వేరే ఉండేది, మళ్లీ వంశం ఎత్తుకోవాలంటే అదే ఆధారం. ఆ నెలల్లో దానికి బూజు పట్టింది. మిగిలింది సీసాల్లోని వంశం ఒక్కటే. ఈ పురుగును మంచులో దాచిపెట్టడానికి కుదరదు. బతికుంటేనే వంశం.

ఆయనకు కరోనా రెండో ఏడాదిలో వచ్చింది. పదిహేడు రోజులు పడుకుని లేచి వచ్చాడు. చిక్కాడు, మెట్లెక్కితే ఆయాసం. వచ్చిన వారంలోనే కొత్త గోతం దించారు. పిడికెడు తీశాడు, ఊదాడు, ఎడమ కన్ను మూశాడు. "చెప్పలేదు. మంచివే" అన్నాడు.

ఆ నెల నలభై జతలు పెడితే వాటి పిల్లల్లోంచి పదమూడు జతలే వచ్చాయి. జన్యువు వల్ల బలహీనమైపోతున్నాయేమో అని అమ్మాయి ఫోన్‌లో దిగులుపడింది. పని మీద ఆమె పదిహేను రోజులు బెంగళూరులో ఉంది. నేను రెండు వరసలూ పక్కపక్కన రాసి చూశాను. మామూలు పురుగుల డబ్బాలోనూ అదే నెల, అదే నిష్పత్తిలో తగ్గాయి. రెండూ ఒకేసారి తగ్గితే తప్పు జన్యువులో లేదు. తిండిలో ఉంది.

ఆ లెక్క తేలిన సోమవారమే ఆయన గదిలోకి రాగానే నాకు తల తిరిగింది. అత్తరు. రెండు చుక్కలు కాదు, సీసా ఒలికినంత. శుక్రవారం పూసుకున్నది, కడగకుండా, మళ్లీ పూసుకున్నది. ఆయన మామూలుగా ఈక తడుపుకుంటూ కూర్చున్నాడు.

పక్క గదిలోకి పోయి పది సాసర్లు సర్దాను. ఐదు ఉత్తవి, ఐదు ఆముదం తుడిచినవి. ఏది ఎక్కడ పెట్టాలో చీటీలు తీసి నిర్ణయించాను. ఆయనను పిలిచి కళ్లు మూసుకోమన్నాను. ఎందుకని అడగలేదు. కూర్చుని, ఒక్కోటీ పిడికిట్లోకి తీసుకుని, ఊది, తెరిచి, "చెప్పలేదు," "చెప్తాంది," "చెప్తాంది" అంటూ పదీ పూర్తి చేశాడు. ఎక్కడా తడబడలేదు.

"ఎన్ని టీచరమ్మా?"

"ఐదు."

"పదికా?"

"పదికి."

కళ్లు తెరవలేదు. "సగం ఉండాదన్నమాట."

"లేదు. రూపాయి బిళ్ల ఎగరేసి చెప్పినా ఐదే వస్తాయి. సగమంటే ఏమీ లేదని లెక్క."

కొంచెం మెత్తగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

ఆయన చాలాసేపు గింజలు సాసర్లోంచి సాసర్లోకి పోస్తూ కూర్చున్నాడు. "జొరమొచ్చిన మూడో దినం నుంచే ల్యామ్మా. మా బిడ్డ పొయ్యి మింద పాలు పెట్టి మర్సిపోయె. ఇల్లంతా పొగ. నాకు పొగ కనపడె గానీ వాసన రాకపాయె."

"మరి ఆ గోతం?"

"ఊరికే అంటిని. ముప్పై ఏండ్లుగా అంటాండే మాట. నోటికొచ్చె." సాసరు పక్కకు నెట్టి, "పాపకు చెప్పద్దండి. ప్రొద్దుటూరు డాక్టరు మళ్లా వస్తాదన్యాడు. ఒక్క నెల సూద్దాం. ముక్కు లేని పురుగులనన్నా మనం సాకుతాండాం. ముక్కు లేని సాయబును ఎవురు సాకుతారు?" అని నవ్వాడు. ఒక్కడే నవ్వాడు.

ఆ పని మీద ఆయన ఇల్లు నడుస్తోంది. భర్త పోయి పుట్టింటికి చేరిన కూతురు బట్టలు కుడుతుంది, అది చాలదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రోజే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పి ఉంటే ఏం చేయాలో ఆమె చూసుకునేది. నేను చెప్పలేదు. నా జీవితంలో నిబంధన పక్కన పెట్టడం అదే మొదటిసారి. "గోతం పారేద్దాం. గురువారం నేను ప్రొద్దుటూరు నుంచి శనగలు తెస్తాను" అన్నాను.

బుధవారం అంగడికి పోయాను. "పురుగు లేని, మంచి శనగలు కావాలి. నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచివి" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆయన లోపలి గదిలోంచి వేరే గోతం విప్పి ఇచ్చాడు. గింజలు ఒక్కటొక్కటిగా ఏరి చూశాను. ఒక్క కన్నం లేదు, ఒక్క చుక్క లేదు. గురువారం వాటి మీద పదమూడు జతలనూ సీసాల్లో కలిపి పెట్టాం. ఆయన గుప్పెడు తీసి, అలవాటుగా ఊది, చూసి, నా వైపు తిరిగి, "మీరే చెప్పండి" అన్నాడు. నేను కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. శనగల వాసనే వచ్చింది. "మంచివే" అన్నాను.

సోమవారం పోయి చూస్తే పదమూడు సీసాల్లోనూ ఇరవై ఆరు పురుగులూ వెల్లకిలా పడి కాళ్లు ముడుచుకుని ఉన్నాయి. గుడ్లు నాలుగు. వారం చూశాం, ఒక్కటీ పగలలేదు.

ఆ తర్వాత అంగడాయనను అడిగితే ఎంతో సంతోషంగా చెప్పాడు. "మీరు గట్టిగ అడిగితిరి గదా టీచరమ్మా, అందుకే మందు కొట్టిన గోతాల్లోవి ఇచ్చినా. ఏడాదైనా పురుగు దాని దగ్గరికి రాదు." పురుగులను పెంచడానికి పురుగు రాని శనగలు అడిగి తెచ్చుకున్నాను.

ఆ సోమవారం మధ్యాహ్నమే అమ్మాయి బెంగళూరు నుంచి నేరుగా గదికి వచ్చింది. సీసాలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. పదమూడో సీసా బల్ల మీద పెట్టి, మా ఇద్దరినీ చూడకుండా అడిగింది. "ఈ శనగలు ఎవరు తెచ్చారు?"

నేను నోరు తెరిచాను. ఆయన ముందే అన్నాడు.

"నేనే పాపా. నా ముక్కు పోయింది. చెప్పకుండా దాచి పెట్టినా. తప్పు నాదే."

ఆ అమ్మాయి అరవలేదు. "రెండేళ్ల పని మామా" అంది, అంతే. తర్వాత నా వైపు తిరిగి, "రాసుకోండి మేడమ్" అంది. నేను రాశాను. తేదీ వేసి, పదమూడు జతలు, గుడ్లు నాలుగు, కారణం శనగలు, తెచ్చింది ఆయన. నా చేతిరాత ఎప్పటిలాగే నిలువుగా, స్పష్టంగా ఉంది.

సాయంత్రం బస్టాండులో ఆయన పని మానేసి, బట్టల సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకలా చెప్పావని అడిగాను.

"నాది ఎట్లాగూ పోయిందే గదమ్మా. మీదన్నా ఉండనీ. ఇద్దరిదీ ఎందుకు పోగొట్టుకోవల్ల?"

"నాకు పెన్షనుంది. ఈ పని లేకపోయినా జరుగుతుంది."

"దుడ్ల మాట కాదు. మీరు ఆ బుక్కు తెరిస్తే మొగం ఎట్లుంటాదో నేను సూడలేదా?" అని ముద్దనూరు వైపు పోయే బస్సెక్కాడు. కిటికీలోంచి, "పాపను తిట్టుకోవద్దు. మంచి పిల్ల" అన్నాడు.

ఆ అబద్ధంతో ఆయన నాకిచ్చినవి ఆ గదిలో యాభై ఎనిమిది రోజులు. ఆ రోజుల్లో నేను మామూలు పురుగులను లెక్కపెట్టాను. ఎవరికీ అక్కర్లేని లెక్క. యాభై తొమ్మిదో రోజున గదులు ఖాళీ చేశారు. వంశం లేనిదే పని లేదు, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడానికి గడువు లేదు. అమ్మాయి వేరే ఊరు పోయి వేరే పురుగు మీద పనిచేస్తోంది. పుస్తకం పెట్టెలో ఎక్కడికో పోయింది. ఎక్కడుందో ఆమెకూ తెలియదట.

ఆయన ముక్కు మళ్లీ రాలేదని విన్నాను. మార్కెట్‌లో మాట పాకింది, సాయబు ముక్కు పోయి పెద్దోళ్ల పని చెడగొట్టినాడట అని. ముక్కు లేకపోయినా చేతులున్నాయి, గింజ జల్లించే పనైనా ఎవరో ఒకరు ఇచ్చేవాళ్లు. ఆ మాట విన్నాక ఎవరూ పిలవలేదు. అది నాకు అంగడాయన చెప్పాడు. నేను ఉప్పు, చింతపండు తీసుకుని ఇంటికి వచ్చాను.

పోయిన సంగతి తెలిసిన మర్నాడు, మంగళవారం, జమ్మలమడుగు పోయాను. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. ఆయన కూతురు మిషను ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ తుడిచింది.

"మా నాయన మీ మాట శానా చెప్తాండె. లెక్కల టీచరమ్మ అని. మీరు కోప్పడితే గూడ సంతోషంగా చెప్పుకుంటాండె."

ఎలా పోయాడని అడిగాను.

"ఊపిరి సాల్లే. ఆ కరోనా నుంచి అంతే. యాడికీ పోయేటోడు కాదు. పొద్దున లేస్తే ఒక గిన్నెలో శనగలు పెట్టుకోని ఊదేది, సూసేది. 'ఏమన్నా వస్తాందా నాయనా' అంటే 'రేపు సూద్దాం' అనేది." దారం కొరికి తెంపింది. "దానికంటే ఆ పురుగుల బాధే ఎక్కువ ఉండె. 'ఆ పాప పని నేనే నాశనం చేస్తినే' అని మాతో గూడ అంటాండె. మేం ఏం చెప్పినా ఇనకపాయె."

ఇంట్లో కూడా ఆయన మాట మార్చలేదన్నమాట. నేను అది అనుకోలేదు.

"అమ్మా, ఆ శనగలు మీ నాయన తెచ్చినవి కావు. నేను తెచ్చినవి. నా మీద మాట పడకుండా ఆయన తన మీద వేసుకున్నాడు" అన్నాను.

ఆమె సూది జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది.

"మా నాయనకు తెల్సా, మీరు తెచ్చినారని?"

"తెలుసు."

"మార్కెట్లో ఎవురికన్నా చెప్పినారా?"

"లేదు."

"పాపకు?"

"లేదు."

"మరి ఇన్నాళ్లూ యాడ ఉండినారు?"

"ప్రొద్దుటూరులోనే" అన్నాను. అక్కడి నుంచి వాళ్ల ఇంటికి బస్సులో నలభై నిమిషాలు.